భుజం మీద సైకిలు

(అనంతపురంలో మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరం రెండో రోజున చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఆత్మవిశ్వాసం గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వింటేనే నాకు కొంచెం భయం. ఆ పేరుతో జరిగిన శిక్షణలకు నేనూ ఎన్నిటికో వెళ్ళాను. ఎవరో ఒకాయన వస్తాడు. మనల్నందర్నీ లేపి నిలబెట్టి, "నేను చేయగలను" అని మూడుసార్లు గట్టిగా అనిపిస్తాడు. చప్పట్లు కొట్టిస్తాడు. భోజనం చేసి వెళ్ళిపోతాడు. సాయంత్రం ఇంటికి పోయి పొయ్యి ముట్టించే వేళకు ఆ 'చేయగలను' ఎక్కడికి పోతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకని నేను సైకిలు గురించి మాట్లాడతాను. వరసగా నాలుగు పోటీల్లో దెబ్బతిని, ఎనిమిది నెలలు సైకిలు ముట్టుకోకుండా ఉండి, మళ్ళీ ఎక్కిన సంగతి చెబుతాను. నేను ఛాంపియన్ను కాను. ఆడపిల్లల బడిలో వ్యాయామ ఉపాధ్యాయినిని. నలభైకి దగ్గరపడ్డాను. నవ్వొచ్చిన చోట మొహమాటం లేకుండా నవ్వండి.

ముందు ఆ ఆట ఏమిటో చెప్పాలి. దాని పేరు సైక్లోక్రాస్. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో మొదలైంది. తారురోడ్డు మీద పోటీ కాదది. రెండున్నర, మూడున్నర కిలోమీటర్ల చుట్టు ఒకటి గీస్తారు. అందులో గడ్డి, బురద, ఇసుక, ఎత్తు గట్లు ఉంటాయి. ఇవి చాలవన్నట్టు మధ్యలో చెక్కలు అడ్డం పెడతారు, నలభై సెంటీమీటర్లకు మించని ఎత్తులో. దాదాపు గంటసేపు ఆ చుట్టే మళ్ళీ మళ్ళీ తిరగాలి. సైకిలు పోలేని చోట దిగి, దాన్ని భుజాన వేసుకుని పరుగెత్తి, అవతలికి పోయి మళ్ళీ ఎక్కాలి. మన మాటల్లో చెప్పాలంటే, ఎగువ చేను గట్టెక్కి, దిగువ చేలోకి దిగి, వంక దాటి, మళ్ళీ దారిన పడటం. దాన్నే గడియారం పెట్టుకుని ఆరేడు సార్లు చేయడం.

ఈ ఆటలో మగవాళ్ళకు ప్రపంచ పోటీలు 1950లో మొదలయ్యాయి. ఆడవాళ్ళకు 2000లో. మధ్యలో యాభయ్యేళ్ళు. బురదలో దిగబడి నడవడమంటే ఏమిటో ఆడవాళ్ళకు తెలియక యాభయ్యేళ్ళు పట్టిందని ఎవరైనా అంటే, వాళ్ళను ఒకసారి మన వరినాట్లకు పిలవండి.

మన ప్రాంతం సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనదొకటని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. 2022లో జిల్లాను రెండు చేశారు. కరువు మాత్రం రెండు పక్కలా ఒకటే. ఎర్రనేల, గుండ్రాళ్ళు, సర్కారు తుమ్మ, పల్లేరు కాయలు. ఆషాఢంలో పడమటి గాలి ఎదురు తగిలితే సైకిలు తొక్కుతున్నామో నిలబడ్డామో తెలియదు. ఆ గాలిని చూసే కదా మన గుట్టల మీద గాలిమరలు పెట్టారు! ఇక కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి ఒడ్డున చూస్తే, గాలికి ఏటి ఇసుక లేచి చేల మీద పడి దిబ్బలు దిబ్బలుగా పేరుకుని ఉంటుంది. బంగారంలాంటి భూములు ఆ ఇసుక కింద పోయినవాళ్ళు ఈ సభలోనే ఉండొచ్చు. ఆ ఇసుక దగ్గరికి మళ్ళీ వస్తాను.

నాకీ ఆట అంటించింది మా అక్క కూతురు. బెంగళూరులో ఉద్యోగం. ఆదివారాలు స్నేహితులతో కలిసి సైకిలు తొక్కుతుంది. వాళ్ళు ఊరి బయట నీలగిరి తోపులో చిన్న పోటీ పెట్టుకుంటున్నారని, "పిన్నీ, నువ్వు రా, ఇట్లాంటి దారుల్లో పుట్టి పెరిగినదానివి, నీకు మాకంటే బాగా వస్తుంది" అని పిలిచింది. ఆ మాట నా తలకెక్కింది. పద్దెనిమిది వేలకు వాడిన సైకిలొకటి ఇప్పించింది. చీటీ పాట డబ్బు అందులో పోసినాను. మా అత్త ఒకటే అనింది: "మోటారన్నా లేదు కదమ్మా దానికి. అంత దుడ్డు యాల పోస్తివి?"

2022 నవంబరులో మొదటి పోటీ. రెండో చుట్టులో వెనక టైరు కూర్చుంది. విప్పి చూస్తే పల్లేరు ముల్లు. బెంగళూరుది కాదు, మన ఊరిదే. టైరులో దాక్కుని నాతోపాటు బస్సెక్కి వచ్చింది. నా దగ్గర ఇంకో ట్యూబు లేదు, ఉన్నా మార్చడం రాదు. సైకిలు నడిపించుకుంటూ బయటికొచ్చాను.

2023 జనవరిలో రెండోది. చెక్కల దగ్గర కాలు తగిలి పడ్డాను. మణికట్టు బెణికింది, మూడు వారాలు కట్టు. నొప్పి ఒక లెక్కలోది కాదు. నేను పడుతున్నప్పుడు ఎవరో ఫోటో తీశారు. అది ఫోన్లలో తిరిగి తిరిగి మా ఊరిదాకా వచ్చింది. బడిలో ఒక సహోద్యోగి అది నాకే చూపించి, "మేడం, ఇది ఏ ఆసనం?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అట్లా నవ్వవలసి రావడం ఎట్లా ఉంటుందో ఇక్కడున్న మీకు విడమర్చి చెప్పనక్కర్లేదు.

మూడోది అదే ఏడాది ఆగస్టులో. పడలేదు, పంక్చరు కాలేదు. కానీ మూడో చుట్టుకే కళ్ళు తిరుగుతున్నాయి, గుండె గొంతులో కొట్టుకుంటోంది. అందరికంటే ముందున్న అమ్మాయి నన్ను ఒక చుట్టు దాటేయబోతుంటే నిర్వాహకులు విజిల్ ఊది పక్కకు రమ్మన్నారు. అది ఆట నియమం, వాళ్ళ తప్పేమీ లేదు. నా పక్కన నిలబడిన ఒక తండ్రి తన పిల్లకు అర్థమయ్యేలా చెబుతున్నాడు, "ఆంటీకి శక్తి అయిపోయింది" అని.

నాలుగోది నవంబరులో. దీని గురించి మాట్లాడటమే నాకు కష్టం. ముందు రోజు బడి పని, ఇంటి పని, రెండు రోజులకు సరిపడా వంట, అన్నీ ముగించి రాత్రి బస్సెక్కాను. తెల్లవారి గీత దగ్గర నిలబడ్డాను. పక్కన అంతా ఇరవై, ఇరవై రెండేళ్ళ పిల్లలు. విజిల్ ఊదడానికి రెండు నిమిషాల ముందు సైకిలు తిప్పుకుని వచ్చేశాను. ఎవరూ ఆపలేదు. ఎవరికీ తెలియను కూడా తెలియలేదు. మా అక్క కూతురికి కడుపునొప్పి అని చెప్పాను.

ఇంటికొచ్చి సైకిలును మేకల కొట్టంలో పెట్టి, మీద శెనక్కట్టె గోతాలు కప్పాను. ఎనిమిది నెలలు.

ఆ ఎనిమిది నెలల్లో ఒక విచిత్రం గమనించాను. సైకిలుతో ఆగలేదది. బడిలో పిల్లలకు కబడ్డీ నేర్పేటప్పుడు నా గొంతు తగ్గింది. సంఘం మీటింగులో ఒక తగాదా వచ్చినప్పుడు, ఎప్పుడూ ముందు మాట్లాడేదాన్ని, గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఒకచోట పోయిన నమ్మకం ఆ చోటికే పరిమితమై ఉండదు. చెదలు మాదిరి లోపల్లోపలే పాకుతుంది. అందుకే దీన్ని సరదా సంగతిగా కాకుండా మీ ముందు పెడుతున్నాను.

2024 జులైలో మా బడి పిల్ల ఒకతి వచ్చింది. పదో తరగతి. ఊరికీ బడికీ మధ్య ఐదు కిలోమీటర్లు, ఒక వంక. వాళ్ళ అన్న సైకిలు పాడైంది. "మేడం, మీ సైకిలు ఊరికే ఉంది కదా, నాలుగు దినాలు ఇస్తారా?" అంది. ఇచ్చాను. మూడో రోజు వాన పడింది. సాయంత్రం ఆ పిల్ల మోకాళ్ళదాకా బురదతో వచ్చింది. సైకిలు మాత్రం పొడిగా ఉంది.

"ఏమైంది?"

"వంకలో నీళ్ళొచ్చినాయి మేడం. మోసుకొచ్చినా. చైను తడిస్తే తుప్పు పడతాది గదా."

"దిగాల్సొచ్చిందా?" అన్నాను.

ఆ పిల్ల నావైపు అదోలా చూసింది. నీళ్ళొస్తే దిగక ఏం చేస్తారు అన్నట్టు. నేను పోటీలో చెక్కల ముందు దిగిన ప్రతిసారీ లోపల ఒకటి అనుకునేదాన్ని: 'అదిగో, దిగినావు, నీకు చేతకాలేదు.' చెక్కలు పెట్టిందే దిగడానికి. ఇసుక పోసిందే దిగడానికి. దిగడం ఆ ఆటలో సగం. ఆ సగాన్ని నేను ఓటమి కింద లెక్కేసుకుంటూ వచ్చాను. దిగడానికి సిగ్గుపడి, ఆఖరి క్షణందాకా సీటు మీదే ఉండి, అప్పుడు కంగారుగా దూకి, కాలు తగిలించుకుని పడ్డాను. ఫోటోలో ఉన్నది అదే.

ఆ రాత్రి ఒక నోటుబుక్కు తీసి నాలుగు గీతలు గీశాను. సామాను, ఒళ్ళు, ఇల్లు-ఊరు, నేను. నాలుగు వైఫల్యాలను ఒక్కొక్కటే తీసి ఏ గడిలో పడుతుందో రాశాను. ఇది చాలా మామూలు పని. మనం సంఘాల్లో సమస్యల పట్టిక రాయమని ఆడవాళ్ళను అడుగుతుంటాం. మన సొంత సంగతి వచ్చేసరికి అన్నీ ఒకే గడిలో, 'నాకు చేతకాదు' అన్న గడిలో కుప్ప పోస్తాం.

పంక్చరు సామాను గడిలోకి పోయింది. అయితే అక్కడే ఆగలేదు. ట్యూబు మార్చడం నాకెందుకు రాదు? మా అన్నకు పదేళ్ళకే వచ్చు. సాయంత్రాలు సైకిలు షాపు ముందు కూర్చుని, నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూడటం, ఉప్పుకాగితం రుద్దడం, సొల్యూషన్ పూయడం వాడికి ఆటగా వచ్చింది. ఆ షాపు ముందు నేను నిలబడితే మా నాయన కేకేసి లోపలికి పిలిచేవాడు. కాబట్టి ఆ ముల్లులో సగం ఇల్లు-ఊరు గడిలోకి పోవాలి. రాశాను.

ముప్పయ్యేడేళ్ళ వయసులో సైకిలు షాపు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. షాపాయన మొదట్లో ఇబ్బంది పడ్డాడు, తరవాత చక్కగా నేర్పాడు. టైరు లోపలివైపు వేలితో తడిమి ముల్లు వెతకడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇంకొకటి కూడా తెలిసింది. నేను గాలి రాయిలాగా గట్టిగా కొట్టేదాన్ని, గట్టిగా ఉంటే వేగంగా పోతుందని. ఇసుకలో, గుంతల్లో అది పనికిరాదు. గాలి కాస్త తగ్గిస్తే టైరు నేలను పట్టుకుంటుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలి ట్యూబు తెగుతుంది. ఆ మధ్య కొలత వేలితో నొక్కి తెలుసుకోవాలి.

మూడో పోటీది ఒంటి గడి. "ఆంటీకి శక్తి అయిపోయింది" అన్న మాట నిజమే. ఎందుకయిపోయింది అన్నది నేను అడగలేదు, అంతే. రక్తపరీక్ష చేయించుకుంటే హిమోగ్లోబిన్ 8.4 ఉంది. గర్భిణి కాని స్త్రీకి 12 ఉండాలి. ఆ రక్తంతో నేను ఇరవయ్యేళ్ళ పిల్లలతో పోటీకి దిగి, ఓడిపోయి, నా మనసు బలహీనమని తీర్మానించుకున్నాను! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా, నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. ఈ గదిలో వందమందిమి ఉన్నాం. మీరే చూసుకోండి. మీలో ఎంతమంది 'నాకు ఈమధ్య దేనిమీదా ధైర్యం చాలడం లేదు' అని అనుకుంటున్నారో, వాళ్ళు ముందు ఆ పరీక్ష చేయించుకోండి. ఇనుము మాత్రలు నెలల తరబడి వేసుకోవాలి. మాత్ర వేసుకుని వెంటనే టీ తాగితే ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదు. నిమ్మకాయ నీళ్ళతో వేసుకుంటే పడుతుంది. ఈ ఒక్క ముక్క నాకు ముందే తెలిసుంటే ఎన్ని మాత్రలు టీ పాలు కాకుండా ఉండేవో.

నాలుగోదాన్ని ఏ గడిలో రాయాలో చాలాసేపు తేల్చుకోలేదు. రెండు గంటల నిద్రతో వెళ్ళాను, అది ఇల్లు-ఊరు గడి. పోటీకి పోయే మగవాడు రెండు రోజుల వంట వండిపెట్టి పోడు. కానీ సైకిలు తిప్పుకుని వచ్చేసింది నిద్రలేక కాదు. ఆ చిన్నపిల్లల ముందు ఆఖరున రావడం నేను భరించలేకపోయాను. నేను పిల్లలకు ఆటలు నేర్పేదాన్ని, నేనెట్లా ఆఖరవుతాను అన్న అహం. అది 'నేను' అన్న గడిలోదే. అక్కడే రాశాను. ఆ గడిలో ఒకే ఒక్కటి ఉండటం చూసి నాకు ఊపిరి ఆడింది. ఒక్కటైతే దాంతో పోట్లాడొచ్చు.

ఇక్కడ మా అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం మన ఊళ్ళకూ వచ్చినప్పుడు మా అమ్మ చీపురు పట్టుకుని సారా అంగడి ముందు కూర్చున్న వాళ్ళలో ఒకతి. 1993లో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. ఆ తరవాత మా అమ్మ ఏ మీటింగుకూ పోలేదు. ఎవరు పిలవడానికి వచ్చినా "మావల్ల ఏమైతాది లేమ్మా" అనేది. 'ఓడిపోయినాం' అనేది. 'మమ్మల్ని ఓడించినారు' అని ఎప్పుడూ అనలేదు. ఖజానా లెక్కలు, అమ్మేవాళ్ళ బలం, ప్రభుత్వాల మాట మార్పు, అన్నీ తెచ్చి తన గడిలోనే రాసుకుంది. నోటుబుక్కు ముందు కూర్చున్న ఆ రాత్రి నాకు అమ్మే గుర్తొచ్చింది.

సాధన ఎట్లా చేశానో చెబుతాను. ఇది అడుగుతారని నాకు తెలుసు. మూడు వారాలు ఒకే ఒక్క పని చేశాను: దిగడం, ఎక్కడం. వేగంగా తొక్కడం లేదు, దూరాలు లేవు. దున్నిన చేలో, మెత్తని నేల మీద, పడినా దెబ్బ తగలని చోట. దిగేటప్పుడు కుడికాలు వెనకనుంచి ఇవతలికి తెచ్చి, రెండో కాలు పెడలు మీద ఉండగానే ముందుకు ఒంగి, సైకిలు కదులుతుండగానే నేల మీద అడుగు పెట్టి పరుగు అందుకోవాలి. ఆగి దిగకూడదు. కింది బారు పట్టి ఎత్తి పై బారు భుజాన వేసుకుని, అదే చేయి కిందుగా పోనిచ్చి హ్యాండిలు పట్టుకోవాలి. ఎక్కేటప్పుడు ఎగిరి కూర్చోకూడదు, తొడ ఆనించి జారాలి. బిందె చంకకెత్తడం, గడ్డిమోపు నెత్తికెత్తడం వచ్చిన మనకు ఇది చాలా తొందరగా వస్తుంది. ఆ మాట ఏ కోచూ చెప్పడు.

ఒంటరిగా చేస్తే రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. మోటారుసైకిలు మీద కుర్రాళ్ళు హారన్ కొట్టేవాళ్ళు. రెండో వారం నుంచి ఆ పదో తరగతి పిల్ల, ఇంకో నలుగురు, సంఘం నుంచి ఇద్దరు ఆడవాళ్ళు నాతో వచ్చారు. ఎనిమిదిమంది ఒకేసారి సైకిళ్ళు భుజాన వేసుకుని గట్టెక్కుతుంటే హారన్లు ఆగిపోయాయి. ధైర్యం పెరిగి ఆగిపోలేదవి, లెక్క పెరిగి ఆగిపోయాయి. పిల్లల సైకిళ్ళు మామూలు ఇనుప సైకిళ్ళు. నాదానికి దాదాపు రెండింతల బరువు. అవి మోసినవాళ్ళకు నాది ఇస్తే ఈకలా ఎత్తారు.

అప్పుడే హగరి ఇసుకకు పోయాం. బెల్జియంలో కోక్సైడ్ అని సముద్రం ఒడ్డున ఒక ఊరు. అక్కడి ఇసుక దిబ్బల మీద జరిగే సైక్లోక్రాస్ చాలా కష్టమైనదని పేరు. 2012లో ప్రపంచ పోటీలు అక్కడే జరిగాయి. గెలిచింది హాలండు మనిషి మరియానా వోస్. ఆ దిబ్బలు నేను చూడలేదు, ఫోన్లో చూపించాను పిల్లలకు. "ఇది మన కణేకల్లు కదా మేడం!" అన్నారు. మన చేలను మింగిన ఇసుక ఒక్క మంచిపనికైనా పనికొచ్చింది. ఇసుకలో హ్యాండిలు గట్టిగా బిగబట్టి నిలిపితే సైకిలు పడుతుంది. వదులుగా పట్టి, దాని దారిన దాన్ని కొంత పోనిచ్చి, కాళ్ళు మాత్రం ఆపకుండా ఉంటే కొంతదూరం పోతుంది. ఎక్కడ ఆగిపోతుందో ముందే చూసుకుని, దానికి నాలుగడుగులు ముందే దిగాలి. ఆ నాలుగడుగుల లెక్క నేర్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

వోస్ గురించి ఇంకొంచెం. 2014కల్లా ఆమె ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్. 2015లో గాయం, దానికితోడు ఒంటిని మితిమీరి అలిసిపోనివ్వడం. చాలాకాలం ఆటకే దూరమైంది. ఎనిమిదో గెలుపు 2022లో, ముప్పై నాలుగేళ్ళ వయసులో. ఏడుకూ ఎనిమిదికీ మధ్య ఎనిమిదేళ్ళు. అంతటి మనిషికే ఒళ్ళు ఒక గడి అని పిల్లలకు చెప్పాను. ఇంకో కథ వాళ్ళకు ఇంకా నచ్చింది. 1924లో ఇటలీ దేశమంతా చుట్టే జీరో పోటీలో మగవాళ్ళ మధ్య ఒకే ఒక్క ఆడమనిషి, అల్ఫోన్సినా స్ట్రాడా. దారిలో హ్యాండిలు విరిగితే చీపురుకర్ర కట్టుకుని తొక్కింది. ఆరోజు గడువు దాటాక చేరింది. లెక్కలోంచి తీసేశారు. లెక్కలో లేకపోయినా ఆమె చివరిదాకా, మిలాన్ దాకా తొక్కింది. మా పిల్లలు ఇప్పుడు ఏది విరిగినా చీపురుకర్ర తెమ్మంటారు.

మనకు ఇటలీదాకా పోనక్కర్లేదు. తమిళనాడులో పుదుక్కోట్టై ఉంది. 1990ల మొదట్లో అక్కడి అక్షరాస్యతా ఉద్యమం, షీలా రాణి చుంకత్ కలెక్టరుగా ఉన్న కాలంలో, చదువుతోపాటు సైకిలు నేర్పింది. లక్షమందికి పైగా పల్లెటూరి ఆడవాళ్ళు నేర్చుకున్నారు. పి. సాయినాథ్ రాశాడు దాని గురించి. ఆడవాళ్ళ సైకిళ్ళు దొరకకపోతే మగవాళ్ళ సైకిళ్ళే కొనుక్కున్నారు, అడ్డబారు మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చునని. వాళ్ళకెవరూ ముందు ఆత్మవిశ్వాసం మీద క్లాసు పీకి తరవాత సైకిలు ఇవ్వలేదు. సైకిలు వచ్చింది, దాని వెనక అది వచ్చింది. నీళ్ళు తేవడం, సరుకు అమ్ముకోవడం, బస్సు కోసం కాచుకోకుండా ఉండటం, వీటితో వచ్చింది. మన దగ్గరా ప్రభుత్వం బడి ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చిన కాలం ఉంది. పిల్ల పేరున వచ్చిన సైకిలు ఎన్నిళ్ళలో అన్న కింద, నాయన కింద తిరిగిందో మీరు ఊళ్ళలో చూసే ఉంటారు. సైకిలు ఎవరి పేరున ఉంది అని కాదు, పొద్దున ఎవరి చేతిలో ఉంది అని అడగాలి.

2025 జనవరిలో మళ్ళీ బెంగళూరు పోయాను. ఈసారి ఒక రోజు ముందే. వంట వండి పెట్టలేదు. ఇంట్లో ఏం తిన్నారో అడగలేదు, బతికే ఉన్నారు. హిమోగ్లోబిన్ 11.2. టైర్లు రెండూ లోపల తడిమి చూసుకున్నాను. ముందురోజు సాయంత్రం ఆ చుట్టంతా నడిచి, ఎక్కడ దిగాలో నేల మీద గుర్తులు చూసుకున్నాను. పంతొమ్మిదిమందిమి. గీత దగ్గర నిలబడినప్పుడు కాళ్ళు వణకలేదని చెబితే అబద్ధం. వణికాయి. విజిల్ ఊదాక ఇక వాటికి తీరిక దొరకలేదు. ఇసుక గుంత దగ్గర నాలుగడుగులు ముందే దిగాను. నా ముందు పోతున్న ఇద్దరు అమ్మాయిలు సీటు మీదే దాటాలని చూసి మధ్యలో కూరుకుపోయారు. వాళ్ళ పక్కనుంచి సైకిలు భుజాన వేసుకుని పరుగెత్తాను. పదిహేడో స్థానంలో వచ్చాను. నన్నెవరూ చుట్టు దాటలేదు, విజిల్ ఊది పక్కకు పిలవలేదు. పంతొమ్మిదిమందిలో పదిహేడు అంటే మా అత్త, "అయితే నీ ఎనక ఇంకా ఇద్దరుండారన్నమాట" అంది. ఆమె నోట మెచ్చుకోలు అంతకంటే రాదు.

చెప్పకూడదనుకున్నది కూడా చెప్పేస్తాను. నాతో సాధనకు వచ్చిన ఐదుగురు పిల్లల్లో ఒకమ్మాయి ఇప్పుడు రావడం లేదు. పెళ్ళి కుదిర్చారు. అప్పటికి పదిహేడు నిండలేదు. సంఘం వాళ్ళం వెళ్ళాం, గట్టిగా మాట్లాడాం, పద్దెనిమిది నిండేదాకా పెళ్ళి ఆపించగలిగాం. సైకిలు మాత్రం ఆగిపోయింది. మోకాళ్ళకు దెబ్బలు తగిలితే సంబంధం వాళ్ళు ఏమంటారో అని వాళ్ళమ్మ భయం. ఆమె చెడ్డమనిషి కాదు. ఆమె భయం కూడా ఎక్కడో ఒక గడిలో రాయాలి. వారానికోసారి ఆ ఇంటి ముందునుంచి పోయేటప్పుడు బెల్లు కొడతాం. ఆ పిల్ల గడపలోకి వచ్చి నిలబడుతుంది.

శనివారం సాయంత్రాలు, ఆదివారం పొద్దున సాధన. ఇప్పుడు పదకొండు మందిమి. రెండు సైకిళ్ళకు బ్రేకు వైర్లు కావాలి. ముగ్గురికి రక్తం 9 కంటే తక్కువ ఉంది, వాళ్ళు దిగి ఎక్కడం మాత్రమే చేస్తున్నారు, తొక్కడానికి ఇంకా రెండు నెలలు ఆగమన్నాం. వచ్చే పోటీకి నలుగురం పోతున్నాం, అందులో ఆ వంక దాటిన పిల్ల కూడా ఉంది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. నాలుగు సైకిళ్ళు బస్సు పైకి ఎక్కించాలి. కండక్టరుతో బేరం ఆడటానికి మా అత్తను పంపుతున్నాం.